నూటిరవై రోజులు ఫోన్ నొక్కినా అక్షరం ఎందుకు అంటలేదు?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కడప. జీఎన్ఎం చేసి రెండేళ్లుగా ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నా. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ‘కైగొ’ పనికి పోవాలని ఆశ. ఇక్కడ జపనీస్ చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. అందుకని ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకొని నాలుగు నెలలుగా నేర్చుకుంటున్నా. ఒక్కరోజు కూడా తప్పలేదు, నూటిరవై రోజుల మంట గుర్తు వచ్చింది. మొన్న మా పెదనాన్న కొడుకు జపాన్ నుంచి వస్తూ బిస్కెట్లు తెచ్చినాడు. ‘ఏదీ చదువు చూద్దాం’ అన్నారు అందరూ. పాకెట్ తిప్పి తిప్పి చూసినా రెండక్షరాలు కూడా తెలీలేదు. ‘నాలుగు నెల్లు ఆ ఫోన్‌లో ఏం చేసినావే’ అని మా అమ్మ అడిగితే తల ఎత్తలేకపోయినా. నాకు బుర్ర లేదా, యాప్ మంచిది కాదా? ఏడాదికి డబ్బు కట్టే ప్లాన్ తీసుకోనా? పరీక్షలో చేత్తో రాసేది లేదంట కదా, అయినా రాసి నేర్చుకోవాల్సిందేనా? కంజి అని చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు రెండు వేలంట, తలుచుకుంటేనే భయమేస్తోంది.
– ఒక చెల్లెలు, కడప

సమాధానం: చెల్లీ, ముందు ఆ బిస్కెట్ పాకెట్ పంచాయితీ తెంచుదాం. నీ బుర్రకు వచ్చిన లోటేమీ లేదు. జపాన్‌వాళ్లు బయటి దేశాల నుంచి వచ్చిన మాటల్ని కతకన అనే వేరే లిపిలో రాస్తారు. బిస్కెట్, చాక్లెట్, మిల్క్, బటర్ అన్నీ ఆ లిపిలోనే ఉంటాయి. చాలా యాప్‌లు ముందు వాళ్ల సొంత మాటలు రాసే హిరగన లిపి నేర్పుతాయి. కతకనను ఆ వెనక ఎప్పుడో, తాలింపులో ఆవాలు చల్లినట్టు చూపిస్తాయి. పైగా పాకెట్ మీద అక్షరాల్ని ఉబ్బించి, వంచి, రంగులు పూసి వేస్తారు. కొత్తగా తెలుగు నేర్చుకున్న బీహారు కుర్రాణ్ని మన ఏడురోడ్ల దగ్గర నిలబెట్టి సినిమా పోస్టరు చదవమంటే వాడూ నీలాగే తల గోక్కుంటాడు.

అలాగని తప్పంతా పాకెట్ మీదికి తోసెయ్యను. ఈ రాత్రి ఒక పని చెయ్. ఫోన్ పక్క గదిలో పెట్టి, తెల్ల కాగితం తీసుకొని, హిరగన అక్షరాలు 46 మొదటి నుంచి చివరిదాకా రాయి. చూడొద్దు, ఎవర్నీ అడగొద్దు. ఎన్ని వస్తే నీ నాలుగు నెలల చదువు అంత. పదిహేను వస్తే పదిహేను. ఆ అంకె చూసి బాధపడొద్దు, ఎందుకంటే నీకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పని నిజం అది ఒక్కటే.

యాప్ ఏం చేస్తుందో గమనించినావా? ఒక అక్షరం చూపించి కింద నాలుగు జవాబులు పెడుతుంది. మూడు కావని తెలిస్తే చాలు, నాలుగోది తెలియకపోయినా మార్కు పడుతుంది, పిట్ట గంతులేస్తుంది, మంట వెలుగుతుంది. పెళ్లిలో ఎవరో ఎదురై పలకరిస్తే ‘ఎక్కడో చూసినట్టుందే’ అనుకుంటామే, అంతవరకే ఆ ఎరుక. పేరు పెట్టి పిలవమంటే నోరు పెగలదు. నీకు వచ్చింది ముఖపరిచయం, కావాల్సింది పేరు. ఫోన్ పరీక్ష పెట్టే అయివారు, చదువు చెప్పే అయివారు కాదు. దాన్ని ఆ పనికే పెట్టుకుంటే బంగారంలాంటి పనిముట్టు.

ఆ పరీక్ష పెట్టే పద్ధతి కూడా నిన్న మొన్నటిది కాదు. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపుల్ని తనే బట్టీ పట్టి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీదే లెక్క కట్టి 1885లో అచ్చువేశాడు. నేర్చుకున్న మొదటి రోజే ఎక్కువ జారిపోతుంది, మళ్లీ చదివిన ప్రతిసారీ జారడం నెమ్మదిస్తుంది. 1970ల్లో లైట్నర్ అనే ఆయన దాన్నే అట్టపెట్టెలో కార్డులుగా మార్చాడు. తెలిసిన కార్డు వెనక అరలోకి పోయి కొన్నాళ్లకు తిరిగొస్తుంది, తెలియనిది ముందు అరలోకొచ్చి రేపే ఎదురవుతుంది. 2006లో వచ్చిన అంకి అనే యాప్ అలాంటి పెట్టెనే కంప్యూటర్‌లో, ఆ తర్వాత ఫోన్‌లో పెట్టింది. ‘అంకి’ అంటే జపనీస్‌లో కంఠస్థమని అర్థం. ఆండ్రాయిడ్‌కూ కంప్యూటర్‌కూ ఉచితం, ఐఫోన్‌కు మాత్రం డబ్బులు కట్టాలి. అదే పేరు తగిలించుకున్న వేరే యాప్‌లు కూడా ఉన్నాయి, చూసుకొని దించుకో.

అంకిలో ఇతరులు చేసిపెట్టిన కార్డుల కట్టలు వేలకొద్దీ దొరుకుతాయి. నా మాట విని అక్షరాల వరకైనా వాటి జోలికి పోవద్దు. కార్డు నువ్వే చేసుకో. ముందువైపు తెలుగులో పలుకు, వెనకవైపు జపనీస్ అక్షరం. ముందువైపు ‘ను’ కనబడగానే కాగితం మీద రాసి, ఆ తర్వాతే కార్డు తిప్పు. తప్పితే తప్పిందని నిజాయితీగా నొక్కు. అక్కడ నిన్ను చూసేవాళ్లెవరూ లేరు, మోసం చేసినా అడిగేవాళ్లు లేరు, అందుకే చాలామంది అక్కడే చెడిపోతారు. ఇంకొకటి. అంకి పెట్టగానే రోజుకు 20 కొత్త కార్డులని దానంతటదే పెట్టేసుకుంటుంది. మొదటి వారం హాయిగా ఉంటుంది. మూడో వారానికి పాతవన్నీ తిరిగొచ్చి రోజూ నూటికి పైబడతాయి, నైట్ డ్యూటీ దిగి వచ్చిన మనిషి ఆ అంకె చూస్తే ఫోన్ విసిరికొడుతుంది. నువ్వు కొత్తవి 5కు తగ్గించుకో. రోజుకు అయిదంటే పది రోజుల్లో హిరగన మొత్తం ఒక చుట్టు అవుతుంది.

ఇక చేత్తో రాయడం. పరీక్షలో రాసేది లేదన్నమాట నిజమే. జేఎల్‌పీటీ అనే ఆ జపనీస్ భాషా పరీక్ష మొత్తం గళ్లు నింపేదే. అయినా రాయి. నీతికి చెప్పడం లేదు, కతకన చూస్తే నీకే అర్థమవుతుంది. అందులో ‘షి’, ‘త్సు’ కవలపిల్లలు. రెండింటికీ రెండు పొట్టి గీతలు, ఒక పొడుగు గీత. కంటితో చూసినంతకాలం తికమకే. చేత్తో రాస్తే తికమక ఉండదు. ‘షి’లో పొట్టి గీతలు ఎడమపక్క ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పొడుగు గీత కింద నుంచి పైకి లేస్తుంది. ‘త్సు’లో పొట్టి గీతలు పైన పక్కపక్కన ఉంటాయి, పొడుగు గీత పై నుంచి కిందికి జారుతుంది. ‘న్’, ‘సొ’ అనే ఇంకో జంటదీ ఇదే కథ, పొట్టి గీత ఒకటే ఉంటుంది, అంతే. ఈ తేడా తెలియాల్సింది చేతికి, అక్కడి నుంచి కన్ను నేర్చుకుంటుంది. మనం అ ఆలు నేర్చుకున్నదీ అట్లే కదా, బియ్యంలో వేలు పట్టి దిద్దించినారు.

రాయడానికి ఇంకో కారణం నీ పని. కైగొ కేంద్రాల్లో ఎవరు ఎంత తిన్నారు, ఎన్ని నీళ్లు తాగారు, రాత్రి నిద్రపోయారా లేదా అని రోజూ రాసిపెట్టాలి. టాబ్లెట్లు వచ్చాయి గాని చేతిరాత చీటీలు పోలేదు. అచ్చు అక్షరానికీ చేతిరాతకూ తేడా ఉంటుంది. హిరగనలో ‘స’, ‘కి’ చూడు. అచ్చులో కింది వంపు పై గీతతో అతుక్కొని ఉంటుంది, చేత్తో రాసేటప్పుడు విడిపోతుంది. యాప్ ఒకే అచ్చు చూపించి వదిలేస్తుంది. చిన్నపిల్లల లెక్కల గళ్ల నోటుబుక్కు ఒకటి కొనుక్కో, గడికో అక్షరం. ఏ గీత ముందు, ఏది వెనక అన్నది జిషొ అనే ఉచిత నిఘంటువు సైటులో బొమ్మ గీసి చూపిస్తారు. ఒక్కో అక్షరం వందసార్లు రాయొద్దు, అది చేతికి శిక్షే తప్ప చదువు కాదు. మూడుసార్లు చూసి రాయి, పుస్తకం మూసి రెండుసార్లు రాయి, చాలు.

ఇప్పుడు నాకు నిజంగా ఇష్టమైన సంగతికొస్తా. నువ్వు ఈ భాషను ఇంగ్లీషు సందులోంచి చూస్తున్నావు, తెలుగు తలుపు బార్లా తెరిచి ఉండగా. ఆ యాప్‌లు చాలావరకు ఇంగ్లీషువాళ్ల కోసం కట్టినవి. వాళ్లు పడే తిప్పల్లో సగం మనకు లేవు.

జపాన్ అక్షరమాల వరుస చూడు. అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టు లేదూ? సిద్ధం అనే మన దేశపు పాత లిపిలో సంస్కృతం చదువుకున్న బౌద్ధ భిక్షువుల దగ్గర నుంచి వచ్చిన వరుస అది. క చ ట త ప, య ర ల వ అని మనం వల్లించేదానికి దగ్గరి చుట్టం. మరి ‘న’కూ ‘మ’కూ మధ్య ‘ప’ ఉండాల్సిన తావులో ‘హ’ ఎందుకు కూర్చుంది? ఒకప్పుడు అది ‘ప’నే, పలికి పలికి ‘హ’ అయింది. సాక్ష్యం లిపిలోనే ఉంది. ‘హ’ భుజాన చిన్న సున్న పెడితే ‘ప’, రెండు చుక్కలు పెడితే ‘బ’. ఆ రెండు చుక్కలే ‘క’ను ‘గ’ చేస్తాయి, ‘త’ను ‘ద’ చేస్తాయి. బడిలో పరుషాలు సరళాలు అని చదివినావే, ఆ చుక్కలు అవే. వాళ్లకు మన గసడదవాదేశంలాంటిది కూడా ఉంది. మనకు తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. వాళ్లకు ‘తె’ అంటే చెయ్యి, ‘కమి’ అంటే కాగితం, రెండూ కలిస్తే ‘తెగమి’, అంటే ఉత్తరం. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి పేజీలు పేజీలు రాస్తాయి. నువ్వు ‘ఓహో, తల్లిదండ్రులు’ అనుకొని పేజీ తిప్పెయ్.

వాళ్ల చివరి అక్షరం ‘న్’ అచ్చం మన సున్న. ‘సంపొ’లో ‘మ్’ అని పలుకుతుంది, ‘గింకో’లో ముక్కులోకి పోతుంది. పంపు, టెంకాయ అనేటప్పుడు మన సున్న చేసేది అదే కాబట్టి నువ్వు తెలుగులో రాసి చదివితే నోరు దానంతటదే తిరుగుతుంది. (సంపొ అంటే షికారు నడక, గింకో అంటే బ్యాంకు.) దీర్ఘాలూ అంతే. ‘ఒబసన్’ అంటే పిన్ని, అత్త వరస, ‘ఒబాసన్’ అంటే అవ్వ. ఇంగ్లీషు అక్షరాల్లో చాలాచోట్ల రెండూ ఒకేలా రాసేస్తారు, అరవై ఏళ్లామెను అవ్వా అంటే ఆమె మొహం ఎట్లా మాడుతుందో నేను చూశాను. ఒత్తులకు వాళ్లు చిన్న ‘త్సు’ను వాడతారు. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే పోస్టు స్టాంపు. ఇక ఆ ‘త్సు’ పలకడానికి అందరూ నాలుక మెలితిప్పుకుంటారు గాని నీకేం కష్టం? చుట్టం, చుక్క అని మన ఇళ్లల్లో ఎట్లా పలుకుతామో ఆ ‘చు’నే అది.

ఇన్ని చుట్టరికాలున్నా ఒకచోట మాత్రం మన లిపి అక్కరకు రాదు. మనకు ‘క’ వస్తే గుడి పెట్టి ‘కి’, కొమ్ము పెట్టి ‘కు’ చేసుకుంటాం. వాళ్లకు గుణింతం లేదు. ‘క’కూ ‘కి’కీ రూపంలో పోలికే ఉండదు, అందుకే అన్నీ విడివిడిగా బుర్రకెక్కించుకోవాలి. ఎక్కించుకోవడానికి యాప్‌లు గుర్తులు చెబుతాయి, అమెరికా పిల్లల కోసం రాసిన గుర్తులు. నువ్వు నీవి కట్టుకో. ‘ఇ’ అంటే పక్కపక్కన నిలబడ్డ రెండు గీతలు, ఇద్దరు. ‘హి’ అంటే చెవులదాకా సాగిన నవ్వు, హి హి. ‘కు’ తెరిచిన పిట్ట ముక్కు, కూ అంటోంది. ‘త్సు’ ఒకే గీత చుట్టు తిరిగింది, చుట్టు. ‘ను’, ‘మె’ ఒకేలా ఉంటాయి, ‘ను’ చివర మాత్రం చిన్న ముడి ఉంటుంది, నులక మంచం ముడి. ఇవి నావి. నీకు మీ ఇంట్లో వస్తువులు తోస్తే అవే మేలు. ఎంత పిచ్చిగా ఉంటే అంత నిలుస్తాయి, ఎవరికీ చెప్పాల్సిన పని లేదు కదా.

తెలుగులో పలుకు రాసుకోవడం కూడా మూడు వారాలకు మించి చేయొద్దు. నడక రాకముందు పట్టుకునే గోడ అది. నాలుగో వారం నుంచి కార్డు ముందువైపు పలుకు తీసేసి మాట అర్థం పెట్టు. ‘అవ్వ’ అని కనబడితే ‘ఒబాసన్’ అని వాళ్ల లిపిలో రాయాలి. ఫోన్‌లో జపనీస్ కీబోర్డు పెట్టుకునేటప్పుడు కూడా ఇంగ్లీషు అక్షరాలు కొట్టేది కాకుండా వాళ్ల అక్షరాల గళ్లున్నదే పెట్టుకో. వేలు మొదట తడబడుతుంది, పది రోజుల్లో తోవకొస్తుంది.

హిరగన అయ్యాక కతకన. దీన్ని అందరూ తిట్టుకుంటారు. నువ్వు తిట్టుకోవద్దు, ఎందుకంటే మనదీ వాళ్లదీ ఒకటే వ్యాధి. మాట చివర అచ్చు లేకపోతే ఇద్దరికీ నిద్రపట్టదు. మనం బస్సు అంటాం, వాళ్లు బసు అంటారు. మనం బెడ్డు, వాళ్లు బెద్దొ. నర్సు వాళ్లకు నాసు. బిస్కెట్టు వాళ్లకు బిసుకెత్తొ. నీ పనిలో రోజూ తగిలేవి కూడా ఈ లిపిలోనే ఉంటాయి. తువ్వాలు తఒరు, దుప్పటి షీత్సు, బాత్రూము తొయిరె, రోగి చార్టు కరుతె. ఆ కరుతె ఇంగ్లీషు కాదు, జర్మన్ మాట. అక్కడి వైద్యం మాటల్లో జర్మన్ పోగులు చాలా కనిపిస్తాయి.

కంజి దగ్గరికొచ్చేసరికి నీకు భయమేసింది. ఆ రెండు వేల అంకె నిజమే, రోజువారీ వాడకానికని జపాన్ ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో 2136 ఉన్నాయి. కానీ వాళ్ల పిల్లలు ఒకటో తరగతిలో నేర్చేది 80. ఆరేళ్ల ప్రాథమిక బడిలో నేర్చేది 1026. రోజంతా ఆ భాషలోనే మునిగి తేలే పిల్లలకే ఆరేళ్లు ఇచ్చినారు. నీకు ముందు కావాల్సింది జేఎల్‌పీటీలో అన్నిటికన్నా కింది మెట్టు ఎన్5కు సుమారు నూరు, దాని పై మెట్టు ఎన్4కు సుమారు మూడొందలు. రోజుకు మూడు చాలు, రెండైనా ఫరవాలేదు.

కంజిని ముద్దగా చూడొద్దు, ముక్కలుగా చూడు. నేను మొదటిసారి అక్కడికి పోయినప్పుడు ఒక బాత్రూములో గోడ మీద రెండు మీటలున్నాయి, రెండింటి మీదా కంజిలే. నీళ్లు వదలడానికి ఒకటి నొక్కితే గంట మోగింది, బయట ఒకావిడ పరుగెత్తుకొచ్చి తలుపు బాదింది. అది సాయం కోసం పిలిచే మీట. ఆ పిలుపు కంజికి ఎడమపక్క నోరు ఉంటుంది, చిన్న చదరపు గడి. నీళ్లు పారించే కంజికి ఎడమపక్క మూడు చుక్కలుంటాయి, నీటి బొట్లు. ఆ రెండు ముక్కలు తెలిసుంటే నా పరువు నిలిచేది. చెట్టు కంజి ఒకటుంటే చెట్టు, రెండుంటే తోపు, మూడుంటే అడవి. మనిషి చెట్టుకు ఆనుకుంటే విశ్రాంతి. మందు కంజిలో పైన గడ్డి, కింద సుఖం. నర్సు అనే మాట ‘కంగొషి’ మొదటి కంజి చూడు, కన్ను మీద చెయ్యి. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని దూరంగా చూస్తామే, అది. మీ పనిని అంత చక్కగా చెప్పిన బొమ్మ నాకు ఇంకెక్కడా కనబడలేదు.

అన్నీ ఇట్లా కథలు చెప్పవు. ఎక్కువ కంజిల్లో ఒక ముక్క అర్థానికి, ఇంకో ముక్క పలుకుకు. నీలం కంజి పలుకు ‘సే’. దాని పక్కన నీళ్లు పెడితే స్వచ్ఛం, సూర్యుణ్ని పెడితే మబ్బు విడిచిన ఆకాశం. మూడింటి పలుకూ ‘సే’నే. ఈ గుట్టు వందో కంజి దగ్గర నీ అంతట నీకే తెలుస్తుంది, ముందే చెబుతున్నా అంతే.

అందరినీ ఏడిపించేది ఒకే కంజికి రెండేసి పలుకులుండటం. నీళ్ల కంజి ఒంటరిగా ఉంటే ‘మిజు’, ఇంకో కంజితో జతకడితే ‘సుయి’. సుయిదో అంటే కొళాయి నీళ్లు, సుయిబున్ అంటే ఒంట్లోకి పోయే నీటి పాళ్లు. ఇదెక్కడి గోల అనిపిస్తుంది గాని మనం చేసేది చూడు. దాహమేస్తే నీళ్లు అడుగుతాం, జలం ఇవ్వమనం. జలపాతం అంటాం, నీళ్లపాతం అనం. ఇంటి మాట ఒకటి, సంస్కృతం నుంచి తెచ్చుకున్నది ఒకటి, జతల్లోకి రెండోది దూరుతుంది. వాళ్లు చైనా నుంచి తెచ్చుకున్నారు, అంతే తేడా. కాబట్టి కంజి ఒక్కదానికి పలుకులన్నీ వరసగా బట్టీ పట్టే కార్డులు పారెయ్. మాటను కార్డు చెయ్. మిజు ఒక కార్డు, సుయిదో ఇంకో కార్డు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే వారాల పేర్లతో. ఏడు కంజిలు, ఏడూ ఎన్5వే. ఆదివారం సూర్యుడు, సోమవారం చంద్రుడు. మంగళవారం నిప్పు, అంటే అంగారకుడు, అంగారమంటే నిప్పుకణిక కదా. బుధుడు నీళ్లు, గురుడు చెట్టు, శుక్రుడు బంగారం, శని మట్టి. పంచాంగం చూసే ఇంట్లో పుట్టినదానికి ఇవి నేర్పాలా?

డబ్బు సంగతి. ఇప్పుడు కట్టొద్దు. జపాన్ ఫౌండేషన్ అని ఆ దేశ ప్రభుత్వ సంస్థ ఉంది. హిరగనకూ కతకనకూ బొమ్మల గుర్తులతో ఉచిత యాప్‌లు ఇచ్చింది. ‘ఇరొదొరి’ అని పాఠ్యపుస్తకాలు శబ్దంతో సహా ఉచితంగా దించుకోవచ్చు. అక్కడ పనిచేసి బతకాల్సినవాళ్ల కోసమే రాసినవి, నీకు అతికినట్టు సరిపోతాయి. ‘మినతొ’ అనే వాళ్ల ఆన్‌లైన్ బడి కూడా ఉంది. కంజి కోసం వనికని అనే సైటును చాలామంది మెచ్చుకుంటారు. 60 మెట్లలో మొదటి మూడు ఉచితం. పద్ధతి మంచిదే, కథలు మాత్రం ఇంగ్లీషు చమత్కారాలు. మూడు మెట్లు ఎక్కి చూడు, నవ్వు రాకపోతే దిగిపో. ఎన్4 దాటాక ఎన్‌హెచ్‌కే అనే జపాన్ ప్రసార సంస్థ వాళ్ల తేలిక వార్తలు చదువు, ప్రతి కంజి నెత్తిన చిన్న హిరగనలో పలుకు వేసి ఉంటుంది. నీ పాత యాప్‌ను తీసేయమని అనను. బస్సులో పది నిమిషాలు ఆడుకో. చదువు లెక్కలో మాత్రం రాయొద్దు.

ఒకటి అడగకపోయినా చెబుతా. కైగొ అంటే నర్సు ఉద్యోగం కాదు. మన జీఎన్ఎం రిజిస్ట్రేషన్ అక్కడ నర్సుగా చెల్లదు, దానికి వాళ్ల జాతీయ పరీక్ష వాళ్ల భాషలో రాయాలి. 2019లో వచ్చిన నిపుణ కార్మికుల వీసాకు ఎన్4 గాని, జేఎఫ్‌టీ బేసిక్ అనే కంప్యూటర్ పరీక్ష గాని, దాంతోపాటు కైగొ పని మీద, కైగొ భాష మీద రెండు పరీక్షలు పాసవ్వాలి. జేఎల్‌పీటీ జులైలో, డిసెంబరులో మొదటి ఆదివారం జరుగుతుంది. మనకు దగ్గర చెన్నై, బెంగళూరు. మూడు నెలల్లో ఎన్4 పాస్ చేయించి పంపిస్తామని డబ్బడిగేవాడు ఎదురైతే, వాడి లైసెన్సు నంబరు మన ప్రభుత్వం నడిపే ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూశాకే మాట్లాడు.

ఊళ్లో చెప్పేవాళ్లు లేరని దిగులుపడ్డావు. మీ ఊళ్లోనే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది, ఎప్పుడైనా లోపలికి పోయినావా? 1820లో ఉద్యోగానికి కడపకొచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడే బంగళా కొనుక్కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకొని తెలుగు మీద పడ్డాడు. 1852లో నిఘంటువు అచ్చువేశాడు. పరాయి లిపిని కడపలో కూర్చొని నేర్చుకున్న మొదటి మనిషివి నువ్వు కాదని చెబుతున్నా. డ్యూటీ లేని పొద్దు ఆ గ్రంథాలయంలో గళ్ల నోటుబుక్కు తెరిచి కూర్చో, ఇంట్లో అయితే అమ్మ ఏదో ఒక పని చెబుతుంది.

నైట్ డ్యూటీలు పడ్డ వారం కొత్త కార్డులు సున్న చేసెయ్. పాతవి మాత్రం తిప్పు, అవి కూడా కుదరకపోతే వదిలెయ్. మంట ఆరిపోతే ఆరిపోనీ, అక్షరం దానితో పాటు ఆరదు. మూడు రోజులు తప్పినందుకు మొత్తం చెరిపి మొదటి నుంచి మొదలుపెట్టే జబ్బు మాత్రం తెచ్చుకోవద్దు. నేను రెండుసార్లు చేశాను ఆ పని, ‘అ ఇ ఉ ఎ ఒ’ మాత్రం నాకు బ్రహ్మాండంగా వచ్చింది.

ఆ బిస్కెట్ పాకెట్ కవరు ఇంకా ఉంటే కత్తిరించి నోటుబుక్కు చివరి అట్టకు అంటించుకో. కతకన మొదలుపెట్టిన మూడో వారం దాన్ని తెరిచి, చేత్తో ఒక్కో అక్షరం గడిలోకి దించుకుంటూ పో. మొదటి మాట ‘బి’తో మొదలై, మధ్యలో పొట్టి ‘త్సు’ ఒకటి తగిలి, ‘తొ’తో ఆగితే అమ్మను పిలిచి చదివి వినిపించు. ఆమెకు అర్థం చెప్పాల్సిన పని కూడా ఉండదు.